హృదయశుద్ధి: ఎప్పుడు, ఎలా, ఎవరి ఎదుట?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో, రోడ్డుకు అటూ ఇటూ పాత మర్రిచెట్లు పరుచుకున్న చోట, ముందు మొయినాబాద్, తర్వాత చేవెళ్ల వస్తాయి. తెలంగాణ క్రైస్తవ సంఘాలకు ఇదొక కూడలి లాంటి ప్రాంతం. పడమట వికారాబాద్ అమెరికన్ మెథడిస్టుల పాత కేంద్రం. ఆగ్నేయాన శంషాబాద్ మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ స్థావరం; అదే పేరుతో 2017లో సీరో మలబార్ కతోలిక మేత్రాసనమూ ఏర్పడింది. ఉత్తరాన సీఎస్ఐ మెదక్ అధ్యక్ష మండలం ఉంది. తూర్పున నగరంలో భక్త్‌సింగ్ నిలిపిన హెబ్రోను ఉంది. వీటి నడుమ ఊరూరా రేకుల షెడ్లలో, అద్దె ఇళ్లలో స్వతంత్ర సంఘాలు నడుస్తున్నాయి.

హృదయశుద్ధి గలవాళ్లు దేవుణ్ని చూస్తారని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పిన దాన్ని వీరిలో ఎవరూ కాదనరు. పేచీ అంతా ఆ తర్వాతే. ఆ శుద్ధి రక్షణ పొందిన క్షణంలోనే అయిపోతుందా, చచ్చేదాకా సాగుతుందా? అయిందని మనిషికి ఎలా తెలుస్తుంది? తేల్చి చెప్పాల్సింది పాస్టరా, గురువా, సంఘమా, మనస్సాక్షా? ఈ ప్రశ్నల్లో కొన్ని పదహారు వందల ఏళ్ల నాటివి. కొన్ని మాత్రం మడీ మైలా తెలిసిన ఈ నేల మీదే పుట్టాయి. చర్చ చిక్కుపడింది ఈ రెండు రకాలూ కలగలిసిన చోటే.

పాత తగాదాలు

లేవీయకాండంలో శుద్ధి అంటే శవం, కుష్ఠు, రక్తం, ఆహారం. ప్రవక్తల దగ్గరికి వచ్చేసరికి అది మనసు మీదికి తిరిగింది. 51వ కీర్తనలో పాపి తనను కడగమని అడగడంతో ఆగడు, కొత్త హృదయం సృష్టించమంటాడు. యెహెజ్కేలు 36వ అధ్యాయం రాతిగుండె తీసి మాంసపు గుండె ఇస్తానన్న దేవుణ్ని చూపిస్తుంది. మార్కు 7వ అధ్యాయంలో యేసు మరీ తెగేసి చెబుతాడు: మనిషిని మైలపరిచేది లోపలికి పోయేది కాదు, లోపలినుంచి బయటికి వచ్చేది.

నాలుగు, అయిదు శతాబ్దాల్లో ఈజిప్టు ఎడారి సన్యాసులు దీన్ని ఒక సాధనగా మలిచారు. వారి దగ్గర నేర్చుకున్న జాన్ కాసియన్ లెక్కలో దేవుని రాజ్యం గమ్యమైతే, హృదయశుద్ధి అక్కడికి చేరడానికి పెట్టుకోవాల్సిన గురి. ఉపవాసం, జాగరణ, ఏకాంతం అన్నీ పనిముట్లే. అదే కాలంలో పెలాగియస్ మనిషి తలుచుకుంటే పాపం లేకుండా బతకగలడన్నాడు. కృప లేకుండా ఆ తలపే పుట్టదని అగస్టీన్ ఎదురు తిరిగాడు. 418లో కార్తేజి సభ అగస్టీన్ పక్షం వహించింది. తీర్పు వెలువడింది కానీ వాదం ఆగలేదు. పదహారో శతాబ్దంలో లూథర్ విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్నాడు. శుద్ధి క్రీస్తుది, విశ్వాసం వల్ల మన లెక్కలో జమ అవుతుంది. 1547లో ట్రెంట్ మహాసభ ఆ జమాఖర్చు చాలదంది. కృప మనిషిని లోపలినుంచి నిజంగా మార్చాలి, ఆ మార్పు పెరగాలి అని తీర్మానించింది.

ఎంగిలి వివాదం

ఐరోపా వాదం ఈ గడ్డ మీద అడుగుపెట్టగానే ఎంత మారిపోయిందో చూపడానికి ఒక పాత ఉదంతం చాలు. పద్దెనిమిదో శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి జెస్విట్లు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు మీదుగా తెలుగు సీమలోకి వచ్చారు. పైకులాల వారిని ఆకట్టుకోవాలని సన్యాసుల వేషం, శాకాహారం పాటించారు. అప్పటి కతోలిక జ్ఞానస్నానంలో గురువు తన ఉమ్మిని వేలితో అద్ది, దీక్ష తీసుకునేవారి చెవులకూ ముక్కుకూ తాకించాలి. ఎంగిలి అంటే ఒళ్లు జలదరించే సమాజంలో ఆ పని చేస్తే వచ్చినవారు వచ్చిన దారినే పోతారని మిషనరీలు దాన్ని వదిలేశారు.

1703లో పాండిచ్చేరికి వచ్చిన పోపు ప్రతినిధి టూర్నాన్ 1704 నాటి తన ఆజ్ఞలో అందుకు ఒప్పుకోలేదు. ఉమ్మి తంతు మానకూడదన్నాడు. జబ్బుపడిన పరయ క్రైస్తవుల ఇళ్లకు గురువులు స్వయంగా వెళ్లి సంస్కారాలు ఇవ్వాలనీ ఆజ్ఞాపించాడు. వివాదం నలభై ఏళ్లు నడిచింది. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ ఉమ్మి విషయంలో పదేళ్ల సడలింపు ఇచ్చాడు. పరయల ఇళ్లకు పోవడం ఇష్టం లేకపోతే వారి కోసం వేరే గురువులను పెట్టే ఏర్పాటుకు తలూపాడు.

ఆ తంతుకు మూలం మార్కు 7వ అధ్యాయమే. యేసు ఉమ్మివేసి చెవిటివాడి నాలుకను తాకింది అక్కడే. అదే అధ్యాయం మొదటి సగంలో ఆయన చేతులు కడుక్కోని శిష్యుల పక్షాన నిలబడి, మైల లోపలిది అంటాడు. ఒకే అధ్యాయంలోంచి తంతును తీసుకుని, దాని పక్కనున్న బోధను పక్కన పెట్టి, నలభై ఏళ్లు పోట్లాడుకున్నారన్నమాట. ఇరుపక్షాల వాదనల్లో హృదయం ప్రస్తావన ఎంత తక్కువగా ఉందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. పదేళ్ల గడువుతో మొదలైన సడలింపు ఏమైనా, వేరే గురువుల ఏర్పాటు వెనుక ఉన్న మనసు మాత్రం గడువు లేకుండా సాగింది.

మెథడిస్టుల పూర్ణప్రేమ

చేవెళ్ల ప్రాంతానికి దగ్గరి వాదం మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీది. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో తన హృదయం వెచ్చబడిందని రాసుకున్న ఈ ఆంగ్లికన్ గురువు, నీతిమంతుడిగా తీర్చబడటంతో కథ అయిపోదన్నాడు. ఈ జన్మలోనే దేవుని కృప వల్ల హృదయం ప్రేమతో నిండి, పాపానికి చోటు లేని స్థితి వస్తుందన్నాడు. 1766లో దాని మీద ఒక పుస్తకమే వేశాడు. ఆయన పాపం అన్నది తెలిసి, కావాలని చేసే తప్పును. మరుపు, అజ్ఞానం, పొరపాటు, శరీర బలహీనత దాని కిందికి రావు.

ఈ మండలాల వారికి తెలిసిన పోలికలో చెప్పాలంటే, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడకూడదని 1996లో 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు కట్టడి పెట్టింది. నీటిని కుళాయి దగ్గర వడగట్టడం ఒక పద్ధతి; వాన పడి పారే నేలనే కాపాడడం ఇంకొకటి. వెస్లీ అడిగింది రెండోది. చేసే పనుల్ని దిద్దడంతో ఊరుకోక, కోరిక పుట్టే చోటుకే పోవాలన్నాడు.

ఇందులో ప్రమాదం ఉందని ఆయన బతికుండగానే తేలింది. లండన్‌లో ఆయన అనుచరుడు జార్జ్ బెల్ తనకు పరిపూర్ణత వచ్చేసిందన్నాడు. 1763 ఫిబ్రవరి 28న లోకాంతమని కూడా ప్రకటించాడు. వెస్లీ అతణ్ని దూరం పెట్టాల్సి వచ్చింది. ఆ స్థితి తనకు వచ్చిందని వెస్లీ తన గురించి ఎక్కడా చెప్పుకోలేదు. ఆయన మీద నమ్మకం పెంచే విషయాల్లో నా దృష్టిలో ఇది ముఖ్యమైనది.

అమెరికాలో ఈ బోధ తొందరపడింది. ఉన్నదంతా బలిపీఠం మీద పెట్టి, శుద్ధి జరిగిందని నమ్మితే ఆ క్షణంలోనే జరిగినట్టని ఫీబీ పామర్ బోధించింది. 1867లో న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో పరిశుద్ధత కోసమే ప్రత్యేకంగా గుడారాల సభలు మొదలయ్యాయి. 1870లో మన దేశానికి వచ్చి దక్షిణాదిన మెథడిస్టు సంఘాలు నెలకొల్పిన విలియం టేలర్ ఆ ఉజ్జీవ గాలి పీల్చినవాడే. నిజాం రాజ్యంలో అమెరికన్ మెథడిస్టుల పని ఆ తర్వాత వికారాబాద్, బీదర్ వైపు విస్తరించింది. 1947లో మెదక్ వైపు వెస్లియన్లు సీఎస్ఐలో కలిసినా వీరు కలవలేదు. 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్రులయ్యారు.

వికారాబాద్ దగ్గర ధారూర్‌లో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతర ఆ వారసత్వానికి తెలుగు రూపం. కుటుంబాలకు కుటుంబాలు వంటసామానుతో వచ్చి రోజుల తరబడి గుడారాల్లో ఉంటాయి. పొద్దున బైబిలు పాఠం, మధ్యాహ్నం సాక్ష్యాలు, రాత్రి ఉజ్జీవ ప్రసంగం. మధ్యలో పెళ్లి సంబంధాలు, దుకాణాలు, చుట్టరికాలు. ఊరి జాతర అలవాటూ అమెరికా గుడారాల సభ అలవాటూ ఇక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. సాక్ష్యాలను శ్రద్ధగా వింటే మరో సంగతి తెలుస్తుంది. తాగుడు మానిన సంగతి, జబ్బు నయమైన సంగతి, అప్పు తీరిన సంగతి ఎక్కువ వినిపిస్తాయి. వెస్లీ చెప్పిన పూర్ణప్రేమ, అంటే పొరుగువాడి మీద పగ పోయిన సంగతి, తక్కువ.

మిగతా దారులు

కతోలికులకు శుద్ధి జ్ఞానస్నానంతో మొదలై, పాపసంకీర్తనంతో మళ్లీ మళ్లీ సాగి, మిగిలింది ఉత్తరించు స్థలంలో పూర్తవుతుంది. భస్మ బుధవారం నుంచి నలభై రోజుల తపస్సు కాలం అందుకు ఏటా వచ్చే అవకాశం. నిర్ధారణ గురువు చేతిలో ఉంది కాబట్టి, నేను శుద్ధుణ్నా కాదా అని విశ్వాసి ఒంటరిగా మథనపడనక్కర్లేదు. ఎదురుగా ఉన్న చిక్కు కూడా అదే: ఒప్పుకోలు అలవాటుగా మారిపోతుంది.

1842లో మిషనరీ హేయర్ రాకతో గుంటూరులో మొదలైన లూథరన్లు కృప మీదే బరువు వేశారు. ఆ సంఘంలో ఉపాధ్యాయుడిగా ఉన్న ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ స్థాపించి వేరే బాట పట్టారు. ఆయన నేర్పిన సన్నిధిలో మనిషి ఏమీ అడగకముందు మౌనంగా కూర్చుంటాడు. గుర్తొచ్చిన పాపాన్ని గుర్తొచ్చినట్టే ఒప్పుకుంటాడు, వేచి ఉంటాడు. ఎడారి సన్యాసులకు తెలుగు నేల మీద అన్నింటికంటే దగ్గరగా వచ్చినది ఇదేనని నా అభిప్రాయం. దీని మీద జరగాల్సినంత పరిశీలన జరగలేదు.

మెన్నోనైట్ బ్రదరన్ల కథ వేరు. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో పని మొదలుపెట్టాడు. 1899లో వచ్చిన అమెరికా శాఖ శంషాబాద్, మహబూబ్‌నగర్ వైపు సాగింది. వీరికి శుద్ధి సంఘం బాధ్యత. ముంచుడు బాప్తిస్మం పెద్దవాళ్లకే. తప్పు చేసినవాణ్ని మత్తయి 18వ అధ్యాయం వరుసలో ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురి ఎదుట, ఆఖరున సంఘం ఎదుట నిలదీయాలి. భక్త్‌సింగ్ సంఘాలూ క్రమశిక్షణకు పేరుపడ్డవే. సిక్కుగా పుట్టి 1929లో కెనడాలో విశ్వాసి అయిన ఆయన 1950ల నుంచి హైదరాబాద్ కేంద్రంగా పనిచేసి, 2000 సెప్టెంబరు 17న ఇక్కడే కన్నుమూశారు. పరిశుద్ధ సమావేశాల్లో వేలమంది నేల మీద వరుసల్లో కూర్చుని తినే ప్రేమవిందును ఆయన ఆరాధనలో భాగం చేశారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అడగని ఆ పంక్తి ఒక్కటే చాలా ప్రసంగాలకు సాటి.

పెంతెకొస్తులు పరిశుద్ధతకు ఆత్మాభిషేకాన్ని జోడించారు. వారిలో పాత సంఘాలు అన్యభాషలను దానికి గుర్తుగా పట్టుకున్నాయి. తెల్లబట్టలు, నగలు తీసేయడం, సినిమా మానడం బయటి గుర్తులయ్యాయి. నగరం చుట్టూ పెరిగిన కొత్త సంఘాల్లో ఈ పట్టింపు సడలి, దీవెన మీద మాట పెరిగింది.

పక్కపక్కన పెట్టి చూస్తే, శుద్ధి ఎప్పుడన్న ప్రశ్నకు లూథరన్ జవాబు ఒక్కసారే, కానీ లెక్కలో జమగా. కతోలిక జవాబు అంచెలంచెలుగా. మెథడిస్టు, పెంతెకొస్తు జవాబు రక్షణ తర్వాత వచ్చే రెండో అనుభవంగా. ఎవరి ఎదుట అన్నప్పుడు బారులు మారతాయి: కతోలికులకు గురువు, మెన్నోనైట్లకు సంఘం, లూథరన్లకు వాక్యం, పెంతెకొస్తులకు కనబడే వరం, దేవదాసు అనుచరులకు మౌనం. మొదటి ప్రశ్న మీద శత్రువుల్లా కనిపించేవారు రెండో ప్రశ్న మీద పొరుగువాళ్లవుతారు. నిజానికి మొదటి ప్రశ్న మీద పెద్ద సంఘాల మధ్య దూరం బాగా తగ్గింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ సమాఖ్య, రోమ్ ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. 2006లో ప్రపంచ మెథడిస్టు మండలి అందులో చేరింది. కాగితం మీద గుంటూరు, హైదరాబాద్, చేవెళ్ల ఒకే మాట మీద ఉన్నాయి. ఆదివారం ప్రసంగాల్లో ఆ కాగితం ఊసే అరుదు.

మైల అన్నవారికి శుద్ధి బోధ

ఇక్కడి క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వీకులు మాల, మాదిగలు. వారిని అంటరానివారన్న సమాజంలో, మైల లోపలిది అన్న మాట ఐరోపాలో లేని బలంతో వినిపించింది. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగ గురువుల దగ్గర మనసు కడుక్కోవడం నేర్చుకున్న మాదిగ. అంటే హృదయశుద్ధి మాట మిషనరీలు దిగుమతి చేసిన కొత్త సరుకు కాదు. యోగుల దగ్గర, వేమన పద్యాల్లో అది అప్పటికే ఊరూరా తిరుగుతున్నది.

బాప్టిస్టు మిషనరీ క్లౌ కొత్త విశ్వాసులకు మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పని వద్దు, చచ్చిన గొడ్డు మాంసం వద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఇంతమంది హృదయాలు ఒక్కరోజులో మారాయా అని అమెరికాలోనే కొందరు అడిగారు. కరువు రోజుల్లో తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని క్లౌ అంతకుముందు బాప్తిస్మాలు ఆపి ఉంచాడు.

రెండో కట్టుబాటు దగ్గర కాస్త ఆగాలి. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం మాదిగల మీద ఊరు మోపిన వెట్టి. ఆ మాంసం మానడమంటే ఊరి కట్టును తెంచుకోవడం. అందుకు దెబ్బలూ తిన్నారు. ఆ కోణంలో అది ఆత్మగౌరవం. కానీ అదే కట్టుబాటు, మీ తిండి మైలది అన్న పైకులాల కొలబద్దను సంఘంలోకి తెచ్చి పెట్టింది. మార్కు 7 చదివిన సంఘమే లోపలికి పోయేదాని మీద నియమం రాసింది. రెండూ నిజమే. ఒకదాన్నే పట్టుకుని పొగిడేవారూ తిట్టేవారూ సగం చరిత్రే చెబుతున్నారు.

తర్వాతి తరాల్లో జాబితా పెరిగింది: కల్లు, సారా, బొట్టు, సినిమా, నగలు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర దాని పనితీరు దగ్గరగా కనిపిస్తుంది. తెల్లగుడ్డ కప్పిన పళ్లెంలో రొట్టెముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. అయోగ్యంగా తీసుకోవద్దన్న హెచ్చరిక చదవగానే కొందరు తల దించుకుని చాప మీదే ఉండిపోతారు: తాగినవాడు, ఇంట్లో గొడవపడి వచ్చినామె, వేరే మతంలో పెళ్లి చేసుకున్న పిల్ల తల్లి. తనది పై కులమని పొరుగువాణ్ని, వాడిది కింది కులమని తోటి దళితుణ్ని చిన్నచూపు చూసినవాడు అలా ఆగిపోవడం అలవాటులో లేదు. ఎందుకంటే ఆ తప్పును ఏ పాస్టరూ జాబితాలో చదవడు. పౌలు ఆ హెచ్చరిక రాసిందే కొరింథులో ఉన్నవాళ్లు లేనివాళ్లను వదిలేసి ముందే తినేస్తున్నందుకు.

తేలనివి

శుద్ధి అయిందని తెలుసుకోవడం ఎలా అన్నది ఇప్పటికీ తేలలేదు. గుర్తులు లేవంటే బోధ గాలిమాట అవుతుంది. ఉన్నాయంటే జార్జ్ బెల్‌లు పుడతారు. మెథడిస్టు ఇళ్లలో పసితనంలో చిలకరింపు పొందిన యువకులు పెంతెకొస్తు సంఘాల్లో మళ్లీ మునుగుతున్నారు. మొదటిది లెక్కలోకి రాదని ఒకరంటే, రెండోది మొదటిదాన్ని అవమానించడమని మరొకరు అంటారు. ఈ తగువును తీర్చే ఉమ్మడి వేదిక ఇక్కడ లేదు.

చట్టం తెచ్చిన చిక్కు ఇంకా గట్టిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు లేదు. బాప్తిస్మం పొందిన మాల, మాదిగలు బీసీ–సి కిందికి, ఒక్క శాతం కోటాలోకి వస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా వర్తించదంది. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలా అన్న ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసింది. దాని గడువు పొడిగిస్తూ వచ్చారు. ఫలితంగా బాప్తిస్మానికి వెల పడింది. హృదయంలో మార్పు చాలు, నీళ్లు ఎందుకన్న మాట ఒకప్పుడు వేదాంత వాదం. ఇప్పుడు అది కుల ధ్రువీకరణ పత్రం కాపాడుకునే దారి కూడా. ఆ కుటుంబాలను కపటులనేవారు, ఆ పత్రం మీద ఒక పిల్ల చదువు, ఒక ఉద్యోగం ఆధారపడి ఉన్నాయని మరిచిపోతున్నారు. కుటుంబాల తప్పేమీ లేదనేవారు, బహిరంగంగా ఒప్పుకోవాలన్న పాత నియమానికి ఏం జవాబు చెప్పాలో తేల్చలేదు.

కులం మైలా కాదా అన్న ప్రశ్నకు వేదాంత కళాశాలల్లో జవాబు ఎప్పుడో వచ్చింది. దళిత వేదాంతం 1980ల నుంచి కులమే పాపమని వాదిస్తున్నది. సంఘాల్లోకి అది దిగలేదు. 2024 ఫిబ్రవరిలో శంకర్‌పల్లి మండలం జన్వాడలో రోడ్డు విస్తరణ గొడవ మెథడిస్టు చర్చి మీద దాడిగా మారినప్పుడు క్రైస్తవులు బాధితులుగా ఒక్కటయ్యారు. పెళ్లిళ్ల దగ్గర ఆ ఐక్యత కనిపించదు. రక్షణ పొందిన, బాప్తిస్మం తీసుకున్న వధువు కావాలని అడిగే ప్రకటన, అదే వాక్యంలో మాల అనో మాదిగ అనో రెడ్డి అనో కూడా అడుగుతుంది. కల్లు తాగినవాణ్ని బల్లకు దూరం పెట్టే సంఘం ఆ ప్రకటనను ఆదివారం ఆరాధన ముగిశాక చదివి వినిపిస్తుంది.